దొంగ సందేశాలు - మన జాగ్రత్తలు



మధ్యాహ్నం వేళ, మగవాళ్లు ఆఫీసులకీ పిల్లలు బడులకీ వెళ్లాక, వంటిల్లు సర్దుకుని మనం కాస్త నడుం వాల్చే సమయానికి వెనకటికి ఇళ్లకి ఇద్దరు మనుషులు వస్తూండేవారు, గుర్తుందా? "ఇత్తడికీ వెండికీ మెరుగు పెడతామమ్మా, డబ్బులక్కర్లేదు, మా పొడి ఎలాంటిదో చూడండి చాలు" అని. ముందు ఇత్తడి చెంబు తీసుకుని తళతళా మెరిపించేవారు. ఆ తర్వాత కాళ్ల పట్టీలు. ఆ తర్వాత మెడలో గొలుసు. గొలుసుని ఏదో ద్రావకంలో ముంచి, పసుపునీళ్ల గిన్నెలో వేసి మూతపెట్టి, "పావుగంట దాకా మూత తియ్యకండమ్మా, మెరుగు పోతుంది" అని చెప్పి వీధి మలుపు తిరిగేవారు. మూత తీసి చూసుకుంటే గొలుసు సగం బరువు తగ్గి వుండేది. ఒక్కోసారి అసలు గొలుసే వుండేది కాదు.

ఆ మనుషులు చేసినవి మూడు పనులు. మనం ఒంటరిగా వున్న వేళ చూసి వచ్చారు. ముందు చిన్న మేలు చేసి నమ్మకం సంపాదించారు. చివరికి, మనం పదిమందిని పిలిచేలోగా పారిపోయేందుకు పావుగంట వ్యవధి మనచేతే ఇప్పించుకున్నారు. ఈ మూడూ గుర్తుంచుకోండి. ఈవేళ నేను చెప్పబోయే దొంగ కూడా సరిగ్గా ఈ మూడే చేస్తాడు. తేడా అల్లా ఏమిటంటే, వీడు మన గుమ్మం ఎక్కడు. మన చేతిలోని సెల్‌ఫోనులోకి వస్తాడు.

ఈ మోసానికి 'ఫిషింగ్' అని పేరు. చేపలు పట్టడం అనే మాట నుంచే పుట్టింది. రాసేటప్పుడు మాత్రం మొదటి అక్షరం మార్చి రాస్తారు. 1990ల మధ్యకాలంలో అమెరికాలో ఇంటర్నెట్ కొత్తగా వాడుకలోకి వస్తున్నప్పుడు, కొందరు కంపెనీ ఉద్యోగులమని చెప్పుకుని ఖాతాదార్ల రహస్యపదాలు అడిగి లాగేవారు. అప్పటి నుంచీ ఈ పేరు స్థిరపడింది. గాలానికి ఎర గుచ్చి నీళ్లలో వేస్తే చేప తనంతట తనే వచ్చి పట్టుకుంటుంది గదా, అలాగన్నమాట. ఇందులో దొంగ తాళం పగలగొట్టడు. తాళంచెవి మనచేతే ఇప్పించుకుంటాడు.

మా వదిన కథ చెబుతాను. మా పెద్దనాన్నగారి కోడలు. చదువుకున్న మనిషి, ఇంటి లెక్కంతా తనే చూస్తుంది. "నా కథ చెప్పు, నాలాగా ఇంకొకరు కాకుండా వుంటారు, పేరు మాత్రం చెప్పకు" అంది. అంచేత చెబుతున్నాను.

కిందటి సంవత్సరం ఒక సాయంకాలం ఆమె ఫోనుకి సందేశం వచ్చింది. "మీ కిందటి నెల బిల్లు చెల్లలేదు. ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చెయ్యబడుతుంది. వెంటనే మా అధికారికి ఫోను చెయ్యండి" అని కింద ఒక నెంబరు. కరెంటు బిల్లు కట్టేది మా అన్నయ్య. ఆయన కాంపు వెళ్లారు, ఫోను అందడం లేదు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. పొద్దున్నే అమ్మాయికి పరీక్ష. కరెంటు పోతే ఎలాగ? ఆ నెంబరుకి ఫోను చేసింది.

అవతల మనిషి ఎంతో మర్యాదగా "అమ్మా, బిల్లు కట్టారు, కాని మా కంప్యూటర్లో ఎక్కలేదు. పది రూపాయలు కడితే ఎక్కిపోతుంది. మీకు తెలియకపోతే నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నాడు. ఒక యాప్ వేసుకోమన్నాడు. వేసుకుంది. ఆ యాప్ ఏమిటో తెలుసా? మన ఫోను తెర మీద కనిపించేదంతా అవతలివాడి తెర మీద కూడా కనిపించేట్లు చేసేది. కంప్యూటరు బాగుచేసేవాళ్లు దూరం నుంచి పని చెయ్యడానికి వాడుకునే మంచి పనిముట్టే అది. దొంగ చేతిలో పడితే గోడకి కన్నం. ఇలాంటి యాప్ గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. మా వదిన పది రూపాయలు కట్టడానికి కార్డు నెంబరూ, దాని వెనక వున్న మూడంకెలూ కొట్టింది. అన్నీ వాడు చూశాడు. తర్వాత ఓటీపీ వచ్చింది. అదీ చూశాడు. అయిదు నిమిషాల్లో మూడు విడతలుగా 48,000 రూపాయలు పోయాయి. అమ్మాయి కాలేజీ ఫీజు కోసం రెండేళ్లుగా ఇంటిఖర్చులో మిగిల్చి, మా అమ్మల కాలంలో పోపులడబ్బాలో దాచినట్టు, బ్యాంకులో దాచుకున్న డబ్బు.

ఇంతవరకూ జరిగింది ఒక మోసం. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. మా వదిన ఎవరితోనూ చెప్పలేదు. అన్నయ్య కోప్పడతారేమోనని, అత్తగారు "చదువుకున్నదానివి, ఇంతేనా" అంటారేమోనని, అమ్మాయి ముందు చులకన అవుతానేమోనని రెండు రోజులు నోరు మెదపలేదు. అన్నం సయించలేదు, నిద్ర లేదు. మూడో రోజున నాకు ఫోను చేసి ఒకటే ఏడుపు. బ్యాంకుకి వెళ్లాం, పోలీసులకి చెప్పాం. అప్పటికే ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు మారి, ఎక్కడో నగదుగా బయటికి వెళ్లిపోయింది. ఈ రోజు వరకూ ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

ఇప్పుడు ఈ గాలానికి గుచ్చే ఎరలు ఎన్ని రకాలో చూద్దాం. పైకి వంద కనిపిస్తాయి గాని, లోపల వున్నవి మూడే. భయం, ఆశ, మొగమాటం.

భయం అంటే, కరెంటు పోతుంది, బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, కేవైసీ కాలేదు కనక కార్డు పనిచెయ్యదు, మీ పేర వచ్చిన పార్శిల్లో మత్తుమందులున్నాయి, ఇలాంటివి. ఈ మధ్య కొందరు పోలీసు దుస్తుల్లో వీడియో ఫోనులో కనిపించి, "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటి బయటికి రాకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు" అని రోజుల తరబడి కూర్చోబెట్టి డబ్బు గుంజుతున్నారు. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్' రేడియో ప్రసంగంలో ప్రధానమంత్రి కూడా ఈ సంగతే చెప్పారు. ఏ పోలీసూ ఫోనులో అరెస్టు చెయ్యడు. ఏ జడ్జీ ఫోనులో డబ్బు కట్టమనడు.

ఆశ అంటే, మీ కార్డు మీద బహుమతి పాయింట్లు ఈ రాత్రితో చెల్లిపోతాయి, ఇంట్లో కూర్చుని రోజుకి రెండువేలు సంపాదించండి, మీ టాక్సు తిరిగొచ్చింది, లింకు నొక్కండి, ఇలాంటివి. ఆశ సిగ్గెరుగదు అన్నారు గదా పెద్దలు. అది లెక్క కూడా ఎరగదు.

మొగమాటం అంటే తెలిసినవాళ్ల పేరుతో వచ్చేది. స్నేహితురాలి ఫోటో పెట్టుకుని, కొత్త నెంబరు నుంచి "అర్జంటుగా ఆసుపత్రిలో వున్నాను, పదివేలు పంపు, తర్వాత మాట్లాడతా" అని సందేశం. లేదా వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ. శుభలేఖ అయితే బొమ్మగానో, కాగితం రూపంలోనో రావాలి గాని, చివర 'ఏపీకే' అని వుందంటే అది శుభలేఖ కాదు, ఫోనులోకి దూరే యాప్. బండికి జరిమానా పడిందని చలాను పేరుతో కూడా ఇలాంటివే పంపుతున్నారు. దాన్ని నొక్కి, అడిగినదానికల్లా 'సరే' అన్నామంటే, మనకొచ్చే సందేశాలన్నీ దొంగకి చేరుతాయి. ఓటీపీ మనం నోటితో చెప్పక్కర్లేదు, వాడే చదువుకుంటాడు. కనక ఎవరు పంపినా, ఆఖరికి తోబుట్టువు పంపినా సరే, ఏపీకే నొక్కకండి. తోబుట్టువు ఫోనే దొంగ చేతిలో పడి వుండవచ్చు గదా!

"మరి నిజమైనదేదో దొంగదేదో పోల్చుకోవడం ఎలాగండీ, అన్నీ ఒకేలా వుంటాయి గదా" అంటారు. పోల్చుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. బియ్యంలో రాళ్లేరడం కంటే కష్టమేం కాదు.

మొదటిది, తొందర. పొయ్యి మీద పాలు పొంగుతూంటే తొందరపడాలి గాని, బ్యాంకు పనికి తొందరేమిటి? 'వెంటనే', 'ఈ రాత్రిలోగా', 'పది నిమిషాల్లో' అనే మాటలు కనబడితే చాలు, ఫోను బల్ల మీద పెట్టి ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. నిజమైన పని అయితే ఆ అయిదు నిమిషాల్లో ఎక్కడికీ పోదు.

రెండోది, లింకు. నీలం రంగు అక్షరాల్లో వచ్చే ఆ చిరునామాని చదవడం నేర్చుకోవాలి. కవరు మీద పైన 'కలెక్టరుగారికి' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఉత్తరం చేరేది కింద రాసిన వూరికే గదా! లింకు కూడా అంతే. మొదటి ఒంటి ఏటవాలు గీతకి ముందు, చిట్టచివర వున్న మాటలే అసలు వూరు. మొదట మీ బ్యాంకు పేరుండి, తర్వాత ఒక చుక్క పెట్టి 'కేవైసీ అప్‌డేట్ డాట్ టాప్' అనో ఇంకేదో అనో వుంటే, అది బ్యాంకుకి పోదు, ఆ చివరి పేరు పెట్టుకున్నవాడింటికి పోతుంది. ఫోను తెర చిన్నది కనక మొదటి ముక్కే కనబడి చివరిది దాక్కుంటుంది; దొంగ ఆశ కూడా అదే. మనకి మేలు చేసే మార్పు ఒకటి ఈ మధ్యనే వచ్చింది. మన దేశపు బ్యాంకులన్నీ తమ వెబ్‌సైటు చిరునామాల్ని 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చివరికి 2025 అక్టోబరు 31లోగా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ చివరి పేరు బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇచ్చేది మన హైదరాబాదులో వున్న ఐడీఆర్‌బీటీ అనే రిజర్వు బ్యాంకు సంస్థే. కనక బ్యాంకు లింకు అంటే ఆ చివర చూడండి. అయినా నా సలహా అడిగితే, సందేశంలో వచ్చిన లింకు ఏదీ నొక్కవద్దు. బ్యాంకు పని వుంటే మీ ఫోనులో ఇదివరకే వున్న బ్యాంకు యాప్ మీరే తెరిచి చూసుకోండి.

లింకు పక్కన చిన్న తాళంకప్ప బొమ్మ వుంటే భయం లేదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. తాళం అంటే కవరు అంటించి వుంది, దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. కవరు చేరేచోట కూర్చున్నవాడు పెద్దమనిషో దొంగో ఆ తాళం చెప్పదు.

మూడోది, ఎవరు పంపారన్నది. బ్యాంకు సందేశం మామూలు పదంకెల నెంబరు నుంచి రాదు, అక్షరాల పేరుతో వస్తుంది. బ్యాంకులు మనతో ఫోనులో మాట్లాడేందుకు 1600తో మొదలయ్యే నెంబర్లు విడిగా కేటాయించారు. అయితే, అక్షరాల పేరుతో వచ్చిందల్లా నిజమని కూడా అనుకోకండి. ఫోను పెట్టేసి, కార్డు వెనకో పాస్‌బుక్కు మీదో అచ్చువేసిన నెంబరుకి మీరు ఫోను చేసి అడగండి. ఆ నెంబరు కోసం ఇంటర్నెట్టులో మాత్రం వెతకవద్దు. 'కస్టమర్ కేర్' అని వెతికితే పైన కనబడే నెంబర్లలో దొంగలు పెట్టినవీ వుంటాయి.

నాలుగోది చాలా ముఖ్యం. యూపీఐలో పిన్ నెంబరు కొట్టేది మన డబ్బు బయటికి పంపడానికి, లేదా ఖాతాలో ఎంతుందో చూసుకోవడానికి. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పాత సోఫా అమ్మకానికి పెడితే, కొంటానన్నవాడు "మీకు డబ్బు పంపుతున్నాను, ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడంటే, వాడు కొనేవాడు కాదు, దోచుకునేవాడు. మనుషులు ఒకరి నుంచి ఒకరు యూపీఐలో డబ్బు కోరుతూ విన్నపం పంపే పద్ధతి ఈ మోసాల వల్లనే 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. స్కాన్ చేసే బొమ్మలు మాత్రం వున్నాయి. కనక పిన్ అంటే ఇనప్పెట్టె తాళంచెవి అనుకోండి; ఎవరైనా డబ్బు లోపల పెడతామంటే చెవి అడగరు.

అయిదోది, ఓటీపీ. ఆ ఆరంకెలు వచ్చిన సందేశం పూర్తిగా చదవండి. ఎంత డబ్బు, ఎవరికి పోతోందో చాలాసార్లు అందులోనే రాసి వుంటుంది. మనం అంకెలు మాత్రం చూసి తతిమ్మాది వదిలేస్తాం. పది రూపాయలన్న మనిషి పదహారువేలు తీస్తున్నాడని మా వదిన ఫోనులోనే రాసి వుంది. చూసుకోలేదు, పాపం.

ఇక జరగకూడనిది జరిగితే ఏం చెయ్యాలి? ఇది కాగితం మీద రాసుకుని బీరువా తలుపుకి అంటించుకోండి. మొదటి పని, 1930 అనే నెంబరుకి ఫోను చెయ్యడం. సైబరు మోసాలకి దేశమంతటికీ ఇదే నెంబరు. ఎప్పుడు పోయింది, ఎంత పోయింది, ఏ బ్యాంకు, బ్యాంకు పంపిన సందేశంలో వున్న లావాదేవీ నెంబరు ఎంత, ఇవి చెప్పాలి. వాళ్లు ఆ కబురు బ్యాంకులకి అందిస్తే, డబ్బు ఏ ఖాతాలో వుంటే ఆ ఖాతాలో ఆపేస్తారు. దొంగ డబ్బుని ఒక అద్దె ఖాతా నుంచి ఇంకో అద్దె ఖాతాకి పరుగెత్తిస్తూంటాడు. మనం ఆలస్యం చేసిన ప్రతి పది నిమిషాలకీ డబ్బు ఒక వీధి దాటిపోతుంది. అందుకే మొదటి గంటే ముఖ్యం.

రెండో పని, బ్యాంకుకి ఫోను చేసి కార్డూ ఖాతా ఆపించడం. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో ఒక సూత్రం వుంది. మన పొరపాటేమీ లేకుండా, బ్యాంకుదీ కాకుండా, బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోగా బ్యాంకుకి చెబితే నష్టం మనది కాదు. రహస్య నెంబరు మనమే చెప్పి వుంటే, బ్యాంకుకి తెలియజేసే వరకూ జరిగిన నష్టం మనది; తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే రెండు విధాలా మనని కాపాడేది, త్వరగా చెప్పడమే.

మూడో పని, ఫోనులో ఇంటర్నెట్ ఆపేసి, దొంగ యాప్ తీయించి, మరో ఫోను నుంచి రహస్యపదాలు మార్చుకోవడం. సందేశాలు చెరిపెయ్యకండి, అవే సాక్ష్యం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు రాయవచ్చు. పోలీసు స్టేషనులోనూ ఇవ్వవచ్చు. ఇలా ఇంకొకరి పేరు చెప్పుకుని కంప్యూటరు ద్వారా మోసం చేసినవాడికి ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల దాకా జైలూ, లక్ష రూపాయల దాకా జరిమానా వున్నాయి. మరొక్క మాట. పోయిన డబ్బు ఇప్పిస్తామని, ముందుగా ఫీజు పంపమని తర్వాత ఫోన్లు వస్తాయి. ఒకసారి గాలానికి తగిలిన చేపని మళ్లీ పడదామనే వాళ్లే వాళ్లు. నమ్మకండి.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని మా వదిన మొదట్లో అనేది. తర్వాత ఒకనాడు ధైర్యం చేసి, వాళ్ల అపార్టుమెంటులో ఆడవాళ్లంతా కూర్చున్నప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పేసింది. నెల తిరక్కుండా కింది వాటాలో ఆవిడకి దొంగ చలాను వచ్చింది, నొక్కింది, డబ్బు పోయింది. కాని ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. తిన్నగా మా వదిన దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి అరగంటలో 1930కి ఫోను చేశారు. పోయినదాంట్లో చాలా భాగం మధ్యలోనే ఆగి, కొన్ని నెలలకి తిరిగొచ్చింది. ఆవిడ స్వీట్ల పెట్టె పట్టుకొస్తే, మా వదిన లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చిందట.

మా అన్నయ్య సంగతి చెప్పలేదు గదూ. విన్న తర్వాత ఆయన కోప్పడలేదు. "ఆ రాత్రే చెప్పి వుంటే బాగుండేది, నేను తిడతాననుకున్నావంటే తప్పు నాది కూడా" అన్నారు. ఆ మాట ఇంట్లో మగవాళ్లూ పెద్దలూ వినాలి. మోసపోయిన మనిషిని ముందు తిట్టారంటే, ఈసారి జరిగినప్పుడు మీతో చెప్పరు. మూత తియ్యకండి అని చెప్పిన మెరుగువాడికి కావలసింది సరిగ్గా అదే. మనం సిగ్గుపడి మూతపెట్టి కూర్చున్నంతసేపూ దొంగ నడుస్తూనే వుంటాడు.

అంచేత ఈ రోజు సాయంత్రం అందరూ ఇంటికి వచ్చాక, భోజనాల దగ్గర ఈ కబురు ఎత్తండి. అత్తగారికీ అమ్మకీ కూడా చెప్పండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఫోను వుంటే ఆమెకీ చెప్పండి. లింకు నొక్కవద్దు, పిన్ చెప్పవద్దు, పొరపాటు జరిగితే దాచవద్దు. నెంబరు మరొకసారి చెబుతున్నాను, రాసుకోండి: 1930.



(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)